వ్యాసం సాక్ష్యం కాదు

ఆహార సరఫరా అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: భోజనశాల వంటామె సస్పెన్షన్ రద్దు చేయుట; నా వ్యాసాన్ని ఆమెపై సాక్ష్యంగా పరిగణించకుండుట గురించి.

1. నేను డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థినిని. మా రచనా తరగతి ఈ ఏడాది నాలుగు గోడల మధ్య జరగలేదు. ఊళ్ళో తిండి ఎవరికి ఎలా అందుతున్నదో స్వయంగా చూసి రాయవలసినదిగా మా మేడమ్ ఆదేశించారు. "విశేషణాలు వద్దు. చూసింది రాయండి" అన్నారు. ఆసుపత్రి పక్కనున్న తమ భోజనశాలకు వెళ్ళి, చూసినది రాసితిని.

2. టోకెన్ ఉన్నవారందరూ తిని వెళ్ళాక, లేనివారికి వంటామె వెనుక తలుపు దగ్గర మిగిలిన అన్నం పెడుతుందని అందులో ఉన్నది. వ్యాసం తరగతిలో ప్రథమ స్థానం పొందినది. కళాశాల పత్రికలో అచ్చయినది. తమ కార్యాలయానికి చేరినది. ఆమె సస్పెండ్ అయినది.

3. "ఇంత శుభ్రంగా సాక్ష్యం ఎవరిస్తారమ్మా ఈ రోజుల్లో?" అని విచారణకు వచ్చిన నన్ను తమ కార్యాలయంలో గుమాస్తా గారు మెచ్చుకున్నారు. వంటామె అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నది. తిట్టలేదు. "బాగా రాశావే తల్లీ. చదివి వినిపిస్తుంటే నాకే ఏడుపొచ్చింది. ఆ వెనక తలుపు సంగతొక్కటీ వదిలేస్తే పోయేది కదా" అన్నది. నేను వెళ్ళి ఆమె పక్కనే కూర్చున్నాను.

4. నిబంధన ప్రకారం మిగిలిన అన్నం మురిక్కాలువలో పారబోయవలెను. అయ్యా, కాలువ ఏ టోకెన్ చూపిస్తున్నది?

5. విచారణలో వ్యాసం నిజమేనని సంతకం చేయమన్నారు. చేయను. అది పూర్తిగా కల్పన అని ఇందుమూలంగా తెలియజేయడమైనది. మేడమ్‌కు కూడా చెప్పాను. ఆమె "అయితే సున్నా వేయాల్సి వస్తుందమ్మా" అన్నారు. వేయమన్నాను. ఏమీ అనిపించలేదు. ఈ మధ్య ఏమీ అనిపించడం లేదు.

కావున తాము చిత్తగించి, వంటామెను తిరిగి పొయ్యి దగ్గరికి పంపవలెను.

తమ విధేయురాలు (ఈ పదంపై చర్చకు సిద్ధం),
రచనా తరగతి విద్యార్థిని

తా.క. నిన్న భోజనశాలకు వెళ్ళాను. కొత్త వంటాయన టోకెన్ చూడనిదే గరిటె ఎత్తడం లేదు. ఒకావిడ తన పళ్ళెంలోంచే పక్కనున్న ముసలాయనకు పెడుతోంది. నన్ను చూసి, "తాతా, ఆగాగు. రాసే పిల్లొచ్చింది" అంది. ఆయన నోట్లో ముద్ద నమలడం ఆపేశారు.

నేనేమీ చూడలేదని మనవి.