మావో మడి

జూన్ 16, 2024. ఆదివారం

పొద్దున్న పెదనాన్నకి మూడో చాప్టర్ చదివి వినిపించాను. తప్పు చేశానేమో.

తొమ్మిదేళ్ళుగా నా పీహెచ్‌డీ మావో చుట్టూనే తిరుగుతోంది. శ్రీకాకుళం పల్లెలు ఆయన్ని ఎలా గుర్తుపెట్టుకున్నాయన్నది టాపిక్. రెండో చాప్టర్ అంతా శ్రీకాకుళం రైతాంగ ఉద్యమంలో తిరిగిన పెదనాన్నలాంటి వాళ్ళ గురించే. పేరు జగన్నాధం, వయసు డెబ్భై అయిదు, కోటబొమ్మాళి దగ్గర వరి రైతు. ఇరవయ్యో ఏట ఎర్ర జేగురు డబ్బా పట్టుకుని 'చైనా చైర్మనే మా చైర్మన్' అని గోడల మీద రాశాడు. ఆరేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. ఆ చాప్టర్ చదివినప్పుడు మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు.

మూడో చాప్టర్ చైనా కరువు గురించి. 1958 తర్వాతది. ఎంతమంది పోయారన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. బాగా తక్కువ చెప్పేవాళ్ళు కూడా కోటిన్నర అంటారు. నాలుగు పేజీలు విన్నాడు. కండువా దులుపుకుని లేచాడు. ఇదంతా అమెరికావాడు అల్లిన కథ అన్నాడు. నా తమ్ముడి కూతురి నోట ఇది వినాల్సొస్తుందనుకోలేదు అన్నాడు.

నాన్న పోయేటప్పటికి నాకు ఆరేళ్ళు. పలక మీద నా చేయి పట్టుకుని అ ఆలు దిద్దించింది పెదనాన్నే.

జూన్ 17

బస్సుకి బయల్దేరేటప్పుడు అరుగు మీదే ఉన్నాడు. అటు తిరిగి కూర్చున్నాడు.

జులై 9

పాతపట్నం. క్లాసులయ్యాక గైడ్ ఉపేంద్ర గారితో ఫోన్లో మాట్లాడాను. సెప్టెంబర్ ఆఖరులోగా సబ్మిట్ చేయకపోతే రిజిస్ట్రేషన్ క్యాన్సిల్. ఇక ఎక్స్‌టెన్షన్ లేదు. రెండు చాప్టర్లలో ఏదో ఒకటి తీసెయ్యమ్మా అన్నారు. కరువు తీసేస్తే ఒక పక్షం సంతోషిస్తుంది, ఉద్యమం తీసేస్తే ఇంకో పక్షం. రెండూ ఉంటే రెండు పక్షాలూ తిడతాయట. కాంట్రాక్ట్ లెక్చరర్‌వి, నీకెందుకీ గొడవ అన్నారు. నా మంచి కోరే అన్నారు. కాదనడం అందుకే కష్టంగా ఉంది.

ఆలోచించి చెప్తానన్నాను.

జులై 28. ఆదివారం

ఆరు వారాల తర్వాత మాటలు కలిశాయి. పెద్దమ్మ లక్ష్మణమ్మ పుణ్యం. ఇద్దరూ ఇలా బిగుసుక్కూర్చుంటే నాకు మెతుకు దిగడం లేదని కేకలేసి నన్ను పొలానికి తోలింది.

పెదనాన్న మడిలో నారు కట్టలు విసురుతున్నాడు. గట్టు మీద నిలబడి అడిగాను. పుస్తకాలు వదిలెయ్యి పెదనాన్నా, చచ్చిపోయినవాళ్ళ లెక్కలూ వదిలెయ్యి. నాటు బాగా దగ్గరగా వేస్తే పంట పెరుగుతుందా?

ఎంత దగ్గరగా అన్నాడు. ఫోన్లో ఫోటో చూపించాను. ఆ రోజుల చైనా ఫోటో. కోతకొచ్చిన పైరు మీద పిల్లలు నిలబడి నవ్వుతున్నారు. అంత ఒత్తుగా పండిందని పత్రికల్లో వేసుకున్నారు. ఒకే జాతి మొక్కలు ఒకదానికొకటి తోడుగా పెరుగుతాయని మావో నమ్మాడు. ఊరూరా అలాగే నాటమని ఆర్డర్లు వెళ్ళాయి.

చాలాసేపు చూశాడు. "పండదని ఎవులు సెప్పినారే? నువ్వేసి సూసినావేటి?" అన్నాడు. కోపంగానే అన్నాడు, కానీ నా మొహం చూసి అన్నాడు.

ఆగస్టు 3

పెద్దమ్మ ఫోన్. గట్టు కింద అయిదు సెంట్ల మడిలో పెదనాన్న చైనా నాటు వేయించాడట. కుదురుకీ కుదురుకీ మధ్య రెండు వేళ్ళ సందు. నాటుకొచ్చిన ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారట. పక్కనే అంతే మడి, అదే విత్తనం, మామూలు నాటు. ఎరువూ నీరూ రెండింటికీ సమానం, ఎవరూ ఏ మడికీ పక్షపాతం చూపించకూడదని అందరి ముందూ చెప్పాడట.

మా డిపార్ట్‌మెంట్‌లో ఇంత మెథడాలజీ ఎవరికీ లేదు.

ఆగస్టు 25. ఆదివారం

ఊళ్ళో అందరూ దాన్ని మావో మడి అంటున్నారు. పచ్చగా, మందపాటి చాప పరిచినట్టు ఉంది. దాని ముందు పక్క మడి వెలవెలబోతోంది. పెదనాన్న మీసం దువ్వుకుంటూ "ఏటే గుంటా, ఇప్పుడేటంతావు?" అన్నాడు.

ఇక్కడ నిజం రాసుకోవచ్చు కదా. భయం వేసింది. వరి గురించి నాకేం తెలుసు? చదివిందే తెలుసు.

సెప్టెంబర్ 27

సబ్మిట్ చేశాను. రెండు చాప్టర్లూ ఉన్నాయి. సంతకం పెట్టేముందు ఉపేంద్ర గారు కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచారు. నీ ఇష్టం భారతీ అన్నారు. పెట్టారు!

అక్టోబర్ 20. ఆదివారం

మావో మడిలో మొదళ్ళు నల్లబడ్డాయి. లోపలికి గాలి లేదు, ఎండ దిగదు. సుడిదోమ పట్టింది. పెదనాన్న రెండు మళ్ళకీ మందు కొట్టించాడు. పక్క మడి తట్టుకుని నిలబడింది. మావో మడి శుక్రవారం వానకి మొత్తం పడిపోయింది.

నాదే నిజమని తేలుతోంది. కానీ ఆయన గట్టు మీద ఒక్కడే గొంతుక్కూర్చుని ఉంటే సంతోషం రాలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

డిసెంబర్ 8. ఆదివారం

నూర్పులయ్యాయి. పక్క మడి బస్తా దాటింది. మావో మడి గింజలు గోనె అడుగున పరుచుకున్నాయి, అంతే. ఎగరబోస్తే అందులో సగం గింజ పట్టని తాలు.

పెదనాన్న గుప్పెడు తాలు అరచేతిలో పోసుకుని నన్ను కూర్చోమన్నాడు. అడగడం మొదలుపెట్టాడు. పండనప్పుడు పండలేదని ఆ రైతులెందుకు చెప్పలేదు? చెప్పే దారి లేదన్నాను. ఊరి అధికార్లు భయపడి పదింతలు పండిందని కాగితం మీద రాసి పంపారు. ఆ రాతను బట్టి ధాన్యం ఎత్తుకుపోయారు. ఊళ్ళో గింజ మిగల్లేదు. మరి పైన మావోకి ఎవరూ చెప్పలేదా అన్నాడు. ఒకాయన చెప్పాడన్నాను. మావో సొంత జిల్లావాడే, పెద్ద సేనాధిపతి. ఉత్తరం రాశాడు. పదవి పోయింది.

"నానైతే సెప్పీవోడిని," అన్నాడు పెదనాన్న.

చేతిలో తాలు కింద పోసేశాడు. కాసేపటికి "సెప్పీవోడినా?" అన్నాడు. నన్ను అడగలేదు.

ఫిబ్రవరి 22, 2025

వైవా డేట్ వచ్చింది. మార్చి 11. ఓపెన్ వైవా, ఎవరైనా వచ్చి ప్రశ్నలు అడగొచ్చు. పెదనాన్న తెల్లచొక్కా ఇస్త్రీకి ఇచ్చాడని పెద్దమ్మ చెప్పింది. ఏం అడుగుతాడో తనకీ చెప్పలేదట.

మార్చి 11, 2025. సాయంత్రం, తిరుగు ట్రైన్లో

ట్రైన్ కుదుపుకి రాత వంకరపోతోంది. పోనీ.

యూనివర్సిటీ హాలు నిండింది. నా ప్రెజెంటేషన్ అయ్యాక ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు రెండో చాప్టర్ తెరిచారు. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన, మెత్తగా మాట్లాడతారు, మాట మాత్రం కత్తి. అక్కడ కోట్లమంది ఆకలితో చస్తే ఇక్కడ ఆయన పేరు గోడలకెక్కించారు కదా, వీళ్ళని మోసపోయిన అమాయకులని ఎందుకు రాయలేదమ్మా అన్నారు.

చైనా గురించి వీళ్ళకి తెలిసింది తక్కువ సర్, తమ ఊళ్ళ గురించి తెలిసింది మాత్రం నిజం అన్నాను. కొండల్లో వెట్టి చేసిన నలభై రెండు మంది మాటలు అపెండిక్స్‌లో ఉన్నాయి. మావో బొమ్మ తీసేసినా ఆ వెట్టి అక్కడే ఉంటుంది. ఉద్యమం కూడా మనుషుల్ని చంపింది, అదీ రాశాను. అమాయకులని రాసేస్తే వాళ్ళు చేసిన మంచికీ చెడ్డకీ వాళ్ళు బాధ్యులు కారన్నట్టే. నేను అలా రాయను సర్.

ఆయన ఏదో నోట్ చేసుకున్నారు. అంతలో వెనక వరసలోంచి ఒక పాత కామ్రేడ్ లేచాడు. రెండో చాప్టర్ భేష్, మూడోది సీఐఏ చెత్త, చించెయ్యాలి అన్నాడు. హాల్లో గోల. ఉపేంద్ర గారు మైకు కోసం వెతుకుతున్నారు. నేను నోరు తెరిచేలోపల తెల్లచొక్కా లేచింది.

"ఒరే బాబూ, ఆ మావో కోసం నాను ఆరేళ్ళు జైల్లో ఉన్నాను. నువ్వెన్నాళ్ళున్నావు?"

అతను కుర్చీలో కూర్చున్నాడు.

"మావో సెప్పిన నాటు నా సేతుల్తో ఏసి సూసినాను. తాలొచ్చింది. ఈ గుంట రాసింది నిజిం. నానే తొమ్మిది నెల్ల కిందట అబద్దమన్నాను. తప్పు నాది."

తర్వాత ఎక్స్‌టర్నల్ గారి వైపు తిరిగాడు. చేతులు జోడించలేదు, నిటారుగా నిలబడ్డాడు.

"అలాగని మా కాడి ఆకలి అబద్దం కాదు బాబూ. అదీ సూసినాను. రెండూ రాసినాది మా గుంట. మరింక సూస్తారేటి, సంతకం పెట్టండి."

మొదట చప్పట్లు కొట్టింది ఎక్స్‌టర్నల్ గారే. తర్వాత ఎవరు కొట్టారో, ఎంతసేపు కొట్టారో తెలియదు. పావుగంటలో ప్రకటించారు. డిగ్రీకి రికమెండెడ్. కరెక్షన్లు లేవు. ఉపేంద్ర గారు నా చేయి ఊపుతూనే ఉన్నారు, ఒక్కటీ తియ్యకపోవడమే మంచిదయిందమ్మా అంటూ.

టీ దగ్గర ఆ కామ్రేడ్ పెదనాన్న పక్కకి చేరాడు. కొట్టుకుంటారేమోనని పరిగెత్తాను. ఏ విత్తనం వేశావని అడుగుతున్నాడు.

ఇప్పుడు ఎదురు సీట్లో పెదనాన్న ఎక్కిన ప్రతివాళ్ళకీ మా గుంట డాట్రయినాదని చెప్తున్నాడు. ఒకావిడ నాకు మోకాలి నొప్పి చెప్పుకుంది. మందు ఆయనే చెప్పాడు.

మార్చి 14. ఉదయం 5.20

పాతపట్నం రూమ్. పెదనాన్న ఫోన్. హలో కూడా అనలేదు.

"ఒసే డాట్రమ్మా, మరి ఆ స్టాలిన్ సంగతేటి?"

లేచి లైటేశాను.