పొద్దుటిపూట ఆగిపోయే రోవరు

రాజోలు,
11 డిసెంబరు 2025, గురువారం.

నాగదుర్గకి,

ప్రభువు పేరిట బ్లెస్సీ వందనాలు. ఇక్కడ మా ఆయన, మా అత్తయ్యగారు, నేను ఆరోగ్యంగానే ఉన్నాం. అమలాపురంలో మీ ఇంటిల్లిపాదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మర్యాద ఇంతవరకే. ఇక మీదట రాసేది చదివితే నీకు ఒళ్లు మండుతుంది. మండినా చింపెయ్యకుండా చివరిదాకా చదువు. నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టే ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ఇవాళ మధ్యాహ్నం నీ మీద కాగితం ఇచ్చాను. స్టోరు నుంచి నువ్విచ్చిన బ్యాటరీలు పనికిరానివనీ, నా కొలతలు ఆగిపోవడానికి అదే కారణమనీ రాసి, సంతకం పెట్టి మా సర్వే ఇన్‌స్పెక్టరు గారి చేతికిచ్చాను. ఆయన చదివి, ఆ అమ్మాయి కాంట్రాక్టు ఎలాగూ ఈ నెలాఖరుతో అయిపోతుంది, ఇంక పొడిగించొద్దని రేపు పై ఆఫీసుకి రాసేస్తానన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నేను ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాసేలోగా ఎన్నిసార్లు లేచానో. ఛార్జర్ లైటు చూస్తాను, వాకిట్లోకి వెళ్తాను, మళ్లీ వచ్చి కూర్చుంటాను. అన్నం కలిపి అలాగే వదిలేశాను.

నా తప్పేంటో చెప్పు. మన రోవరు సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఊళ్లో వాళ్లు దాన్ని శాటిలైట్ కర్ర అంటారు. పైన శాటిలైట్లని చూసి కింద గట్టు ఎక్కడో చెప్పే కర్ర. ఆ కర్ర ఈ చలి మొదలైన దగ్గర్నుంచి పొద్దుటిపూట నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తోంది. బ్యాటరీ రాత్రి నిండుగా ఉంటుంది. పొద్దున్నే తోటలోకి తీసుకెళ్లి మిషన్లో పెడితే ఒకసారి వెలగదు, ఒకసారి వెలిగి ఆరిపోతుంది. ఎండెక్కాక ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. కానీ అప్పటికి రైతులెవరుంటారు? ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు.

నువ్వు చెప్పినవన్నీ పాటించాను. పూర్తిగా అయిపోయేదాకా వాడొద్దన్నావు, వాడలేదు. స్కూటీ డిక్కీలో ఎండకి వదలొద్దన్నావు, సంచిలో వేసుకుని మోశాను. నిండాక కూడా ఛార్జర్ మీదే ఉంచితే పాడవుతుందన్నావు. సాయంత్రం నేను వంటలో ఉంటాను కాబట్టి, పచ్చలైటు రాగానే తీసి పక్కన పెట్టే పని మా అత్తయ్య నాగమణి గారికి అప్పజెప్పాను. ఆవిడ ఒక్కరోజు మర్చిపోతే ఒట్టు. ఇంతకన్నా శ్రద్ధగా ఎవరు చూసుకుంటారు?

మొదటిసారి మార్చమని నీ దగ్గరికొచ్చినప్పుడు మంచిగానే మార్చావు. మిషన్లో పెట్టే ముందు పొడిగుడ్డతో బ్యాటరీ పళ్లు తుడుచుకోమన్నావు. ఆ పళ్లే కదా మిషన్లోకి కరెంటు ఇచ్చేవి, చిన్నపిల్లకి చెప్పినట్టు నాకు చెబుతావేంటని అప్పుడే చిరాకేసింది. ఆ జతా అంతే అయింది. రెండోసారి వచ్చినప్పుడు నువ్వు వాటిని చేతిలోకి తీసుకుని, నీ అలవాటు ప్రకారం గుడ్డతో ఓ తుడుపు తుడిచి, స్టోరులో మిషనుకి పెట్టావు. అది ఠక్కున వెలిగింది. అందరూ చూస్తుండగా, "ఇక్కడ నడిచేవి నీ దగ్గరికొస్తేనే పోతున్నాయంటే ఏమనుకోమంటావు బ్లెస్సీ? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నావు. మిగతా సర్వేయర్లు నవ్వారు.

అప్పుడు నేనన్న మాట నాకు గుర్తుంది. "మంచివన్నీ మీవాళ్లకిచ్చుకుని మాకు చెత్త పడేస్తున్నావు" అన్నాను. నువ్వు గుడ్డ బల్ల మీద పెట్టి లోపలికెళ్లిపోయావు. ట్రైనింగులో మనిద్దరం ఒకే గది, ఒకే కంచం. ఉబ్బిపోయిన బ్యాటరీ నా సంచిలో వేడెక్కుతుంటే, నన్ను అవతలికి నెట్టి నువ్వే దాన్ని బయటికి పట్టుకుపోయి ఇసక బకెట్లో పడేశావు. అలాంటిదానితోనా ఆ మాట అన్నాను అని ఒకసారి అనిపిస్తుంది. అంతలోనే ఆ నవ్వులు గుర్తొచ్చి, అంటే తప్పేంటనిపిస్తుంది.

నిన్న జరిగింది విను. బుచ్చిరాజు గారి కొబ్బరితోటకీ, ఆయన చనిపోయిన తమ్ముడి భార్య పార్వతి గారి తోటకీ మధ్య గట్టు. ఏళ్ల తరబడి మాటల్లేని వాళ్లు కొలతకి ఒప్పుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. మిషను ఎలాగో వెలిగింది. బుచ్చిరాజు గారి వైపు హద్దురాళ్లు కొలవడం అయ్యేదాకా ఉంది. ఆవిడ వైపు అడుగు పెట్టగానే ఆరిపోయింది. బుచ్చిరాజు గారు ఫరవాలేదండి, కూర్చోండి, బొండం కొట్టిస్తానన్నారు. పార్వతి గారు మాత్రం నా వంక చూసి, "మా బావగారి వైపు బాగానే ఉందండి మిషను. మా వైపుకొచ్చేసరికే ఆగిపోద్దేంటండీ మేడంగారూ?" అన్నారు. ఎంత నెమ్మదిగా అన్నారనుకున్నావు. నేను ఒకరి పక్షాన కొలుస్తున్నానని సాయంత్రానికి ఊరంతా పాకింది. ఇవాళ పొద్దున్నే ఇన్‌స్పెక్టరు గారు సంజాయిషీ అడిగారు. నా పేరు నిలబడాలంటే నీ పేరు రాయాల్సి వచ్చింది, రాశాను.

నువ్వు చేసింది సరైనదే అయితే వచ్చి రుజువు చెయ్యి. మౌనంగా ఊరుకుని నన్ను దోషిని చెయ్యకు. నీ ఉద్యోగం పోవాలని నేను కోరుకోలేదు. నీ జీతం మీదే మీ ఇల్లు నడుస్తోందని నాకు తెలియదా?

ఇట్లు,
ఇంకా నీ మీద కోపంగానే ఉన్న
బ్లెస్సీ.

తా.క. ఉత్తరం మడత పెడుతూ వంటింట్లోకి తొంగిచూశాను, దుర్గా. అత్తయ్యగారు పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. ఒళ్లో నా బ్యాటరీ, చేతిలో కొబ్బరినూనె సీసా. చలికి పేరుకున్న నూనెని సెగకి కరిగించి, పుల్లకి దూది చుట్టి ఆ పళ్ల సందుల్లో రాస్తున్నారు. రాశాక పైన మరక కనబడకుండా కొంగుతో తుడిచారు. ఏంటండీ అది అని అడిగాను. "ఉప్పుగాలికి తుప్పు పట్టేత్తదమ్మా. మీ మావయ్యగారి కత్తికీ ఇలాగే రాసేదాన్ని. వానాకాలం నించీ రాత్తన్నాను. మిషను ఆగిపోతందని నువ్వేడ్చినప్పట్నించీ రోజూ ఇంకాస్త ఎక్కువే రాత్తన్నాను" అన్నారు.

పొద్దుటి చలికి ఆ నూనె మైనంలా గడ్డకట్టి బ్యాటరీకీ మిషనుకీ మధ్య అడ్డం పడుతోంది. ఎండెక్కగానే కరుగుతోంది. నువ్వు చెప్పినా ఇన్నాళ్లూ నేను తుడవని ఆ పళ్లని పొడిగుడ్డ తెచ్చి బాగా తుడిచి పెట్టాను. వెలిగింది. వాకిట్లో చల్లగాలిలో నిలబెట్టి ఎంతసేపు చూసినా ఆరలేదు. ఆవిడతో ఇక మీదట నేనే తీసి పెట్టుకుంటానన్నాను, అంతే. ఆవిడ మొహం చిన్నబోయింది.

ఈ ఉత్తరం తపాలాలో వెయ్యడం లేదు. రేపు మొదటి బస్సుకి నేనే తెస్తున్నాను. ముందు ఇన్‌స్పెక్టరు గారి దగ్గరికి వెళ్లి, లోపం మా ఇంట్లోదే అని రాసిచ్చి ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను. పార్వతి గారి తోటకీ వెళ్లి చెబుతాను. కాగితమైతే అడిగి తెచ్చుకోవచ్చు. నలుగురిలో నీతో అన్న మాటని ఎవరినడిగి తెచ్చుకోను? సర్వేయర్లందరూ స్టోరు దగ్గర ఉండే వేళకే వస్తాను. అన్నది వాళ్ల ముందే కాబట్టి, తప్పయిందని కూడా వాళ్ల ముందే అంటాను. నన్ను చూసి లోపలికి మాత్రం వెళ్లిపోకు.