సోదెమ్మ కూజా

మార్చి 3
మా పేపరు ఆదివారం పేజీలో కుమ్మరి అప్పన్న చేసే మొహాల కూజాలు వచ్చాయి. అర పేజీ. పులివేషగాడు, బుడబుక్కలవాడు, తప్పెటగుళ్ళ గురువు... నాలుగో ఫొటో కింద నా వాక్యం: 'గ్రామదేవత రూపంలో కూజా.' విశాఖలో ఇలాంటివి సేకరించేవాళ్ళు డెస్క్‌కి ఫోన్లు చేస్తున్నారట.

మార్చి 4
పొద్దున్నే అప్పన్న ఫోన్. గొంతులో కోపం లేదు. అదే ఇబ్బంది.
'అది సోదెమ్మ బాబూ. ఊరూరా సోది సెప్పుకునే ఆడమనిషి. అమ్మోరి మొహం సేసి అందులో నీళ్ళు పోస్తామేటి?'
నోట్‌బుక్ తీశాను. నా రాతే. 'ఆడమనిషి. పసుపు మొహం, రూపాయంత బొట్టు. ఎవరో అడగాలి.'
అడగలేదు.

మార్చి 6
సవరణ వేశారు. ఏడో పేజీ అడుగున, రెండు లైన్లు.

మార్చి 8
అప్పన్న ఊరికి వెళ్ళాను. టీ బడ్డీ దగ్గర, జాతర జరిపించే నాయుడు కనిపించాడు.
'అమ్మోరి తలకాయలో మజ్జిగ పోసుకు తాగమంటావేటి?'
పక్కవాళ్ళు నవ్వారు. సవరణ చూపించాను.
'ఆదివారం అంతంత అచ్చరాల్తో రాసీసి, ఇప్పుడు సీమల్లాటి అచ్చరాల్తో కాదంటే ఎవులు సూస్తారు?'
ఈసారి జాతరలో ఊరేగించే అమ్మవారి కుండ, ఘటం, పక్క ఊరి కుమ్మరి చేస్తాడట. తాతల నాటి నుంచి అది అప్పన్న ఇంటి పని. ఘటం చేసే వారం ఒంటిపూట తిండి, మట్టి ఇంకొకర్ని ముట్టనివ్వడు.
అక్కణ్ణుంచి అప్పన్న ఇంటికి వెళ్ళాను. కూజాలన్నీ గోడవైపు తిప్పి ఉన్నాయి. ఆయన భార్య పార్వతి స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చింది.
'కుండలు ఎవులైనా సేస్తారు. ఘటం మమ్మల్ని అడక్కపోతే ఈ ఊరికి మేమేటి అవుతాం?'


మార్చి 9
ఊరి పెద్దలకు ఇస్తానని అప్పన్నతో చెప్పిన క్షమాపణ కాగితం రాస్తున్నాను. మూడుసార్లు రాశాను. మూడుసార్లూ 'పొరపాటున ప్రచురితమైంది' అనే వచ్చింది. 'నేను' అన్న మాట ఎక్కడా లేదు. చింపేశాను.

మార్చి 10
అప్పన్న ఫోన్. రేపు గుడి దగ్గర పెద్దలు కూర్చుంటారు.
'కాగితం వద్దు బాబూ. అడగనేదని నోటితో సెప్పండి. అంతే.'
డెస్క్ ఇన్‌చార్జి వెళ్ళొద్దంటున్నాడు. ఎవరో ఒకరు వీడియో తీస్తారు, పేపరు పరువు పోతుందట.

మార్చి 11
వెళ్ళాను. నిలబడి చెప్పాను. అది సోదెమ్మ, అప్పన్న ఎక్కడా అమ్మవారని అనలేదు, నేనే అడక్కుండా రాశాను.
ఎవరూ అరవలేదు. ఒకడు ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. నాయుడు నా వైపు తిరిగాడు.
'ఇలాగ అడక్కుండా ఇంతవరకూ ఎన్ని రాసినావు?'
అప్పన్న తల వంచుకున్నాడు, అడిగింది తననే అన్నట్టు.
ఘటం ఎవరు చెయ్యాలన్న మాట శుక్రవారానికి వాయిదా వేశారు.