ఖాళీ అని నమోదైన గ్రంథపాలకుని పేరు గురించి

బండమీదిపల్లె,
కోడుమూరు మండలం,
11 జూన్ 2009.

గ్రంథాలయాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గ్రంథాలయ గణాంకాల ఆన్‌లైన్ ఫారంలో మా ఊరి గ్రంథపాలకుని పోస్టు ఖాళీ అని పడినందున, దానిని సరిచేయించి, గ్రంథాలయము మూతపడకుండా ఉత్తర్వులు ఇప్పించుట గురించి.

బండమీదిపల్లె గ్రామీణ గ్రంథాలయ గ్రంథపాలకుని భార్య సిద్దమ్మ వ్రాసుకొను మనవి. నేను నాలుగో తరగతి వరకే చదివాను. మా వారు తమకు లోగడ పంపిన ఉత్తరాల నకళ్లు ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

1. వారు పదకొండేళ్లుగా ఇక్కడ గ్రంథపాలకులు. నెలనెలా లెక్కల కాగితం టపాలో పంపేవారు. ఒక్క నెల తప్పలేదు. గత జనవరిలో చెదలు పట్టిన పై అర పుస్తకాలు దించుతూ నిచ్చెన మీద నుంచి పడ్డారు. నడుము కింద స్పర్శ లేదు. అప్పటి నుంచి సాయంత్రం నాలుగు మొదలు ఏడు వరకు గది నేనే తెరుస్తున్నాను. తమ అనుమతి లేకుండా తెరవడం తప్పే. ఆ తప్పు నాది, వారిది కాదు.

2. ఇకమీదట లెక్కలన్నీ ఆన్‌లైన్ ఫారంలోనే నింపవలెనని మార్చిలో తాఖీదు వచ్చింది. వారు వెల్లకిలా పడుకునే, రొమ్ము మీద అట్ట పెట్టుకుని అంకెలన్నీ రాసిచ్చారు. పుస్తకాలు 1,216. సభ్యులు 143. చినిగినవి 88. తన పేరు మాత్రం రాయలేదు. భార్య చేతికిచ్చే కాగితంలో తన పేరు రాయాలని ఎవరికి తోస్తుంది?

3. మార్చి 31న ఆ కాగితం తీసుకుని కోడుమూరులో ఇంటర్నెట్ సెంటరుకు ఒక్కదాన్నే పోయాను. అక్కడ పనిచేసే భూపేష్ అనే అతను అంకెలన్నీ కొట్టి, గ్రంథపాలకుని పేరు అడిగాడు.

"మా ఇంటాయన," అన్నాను.

"మీ ఇంటాయనకు పేరుంటాది కదక్కా!"

నేను తల వంచుకున్నాను. వెనక వరుసలో ఉన్న ఒకామె నవ్వింది. "మొగుని పేరు యెట్ల చెప్తాదప్పా? ఊరోళ్లనెవురినన్నా తోడు తెచ్చుకోనింటే వాళ్లు చెప్పుందురు."

"ఊరికే కూకుంటే యెట్ల?" అన్నాడు భూపేష్. "ఈ గడి నింపకుంటే ముందుకు పోదు. వెనక శానామంది ఉండారు. ఈడ ఖాళీ అని ఒకటుండాది, అది నొక్కితే పోతాది. నొక్కేదా?"

తల ఊపాను.

భర్త పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. వారు మంచంలో ఉన్న మనిషి. పలకడానికి నాకు ధైర్యం చాలలేదు. కాగితం మీద రాసి ఇవ్వవచ్చునన్న ఆలోచన బస్సు కదిలాక వచ్చింది. మరునాడు మళ్లీ పోతే, ఒకసారి పంపిన ఫారం ఇక తెరుచుకోదన్నాడు.

4. గ్రంథపాలకుడు లేనందున ఈ గ్రంథాలయము మూసి, జూన్ 20న పుస్తకాలు తరలించబడునని ఇప్పుడు ఉత్తర్వు వచ్చింది. దానిని బియ్యం డబ్బా కింద దాచాను. వారికి చూపలేదు. ఫారంలో పేరు సరిగ్గా పడిందా అని ఆ రోజే అడిగారు. పడిందన్నాను.

5. సాయంత్రం గది మూసి రాగానే "ఇయ్యాల యెవురెవురొచ్చినారు?" అని అడుగుతారు. ఒక్కొక్కరి పేరు చెప్పాలి, ఏ పుస్తకం పట్టుకుపోయారో చెప్పాలి. జీవమ్మవ్వ పట్టుకుపోయిన కథల పుస్తకం ఇంకా సగమే చదివిందంట అంటే నవ్వుతారు. "ఆయవ్వ ఆకరి పేజీ ముందే సదివింటాది, నాకు తెల్దా!" పగలంతా పైకప్పు చూస్తూ పడుకునే మనిషి నవ్వేది ఆ ఒక్కసారే. ఇరవయ్యో తేదీ తర్వాత అడిగితే ఏం చెప్పాలి? రాని వాళ్ల పేర్లు కల్పించి చెప్పాలా? అదీ ఎన్నాళ్లు చెప్పగలను?

కాబట్టి ఆ గడిలో ఖాళీ అన్న మాట కొట్టివేయించి, పుస్తకాలు కదలకుండా కాపాడమని ప్రార్థన. పేరు చెప్పని తప్పుకు నన్ను ఏమన్నా పడతాను. తమరు ఇది చిత్తగించి, ఇరవయ్యో తేదీ లోపలే బదులు దయచేయించవలెను.

తమ విధేయురాలు,
సిద్దమ్మ

తా.క. పైది రాసి మడిచి పెట్టాను. పోస్టు చేయలేకపోయాను. 13వ తేదీ తెల్లవారుజామున వారు చనిపోయారు. ముందు రోజు సాయంత్రం కూడా ఎవరెవరు వచ్చారో అడిగారు. ఏడుగురు వచ్చారు. ఏడు పేర్లూ చెప్పాను.

ఇప్పుడు ఆ గడిలో ఉన్నది నిజమే. కానీ మార్చి 31న అది నిజం కాదు. 12 జూన్ వరకు ఖాళీ కాదని, అక్కడ ఒక మనిషి ఉన్నాడని రాయించండి. పేరు చిన్న ఈరన్న. రాసింది చాలకపోతే కబురు చేయండి. కంప్యూటరు ముందు కూర్చున్న వారికి వినపడేట్టు వచ్చి నోటితో చెప్తాను. ఇక తగ్గడానికి ఏమీ మిగల్లేదు.