లేని ముప్పయ్యో రోజున జరిగిన తనిఖీ విషయమై

ఏ పత్రానికైనా ఒక క్రమం ఉన్నది. ముందు పని జరగవలెను. తర్వాత చేసినవాడు రాయవలెను. ఆపైన చూసినవాడు సంతకం చేసి, ముద్ర వేసి, తేదీ వేయవలెను. సిరా నీలం, ఎడమ అంచు మూడు వేళ్ల వెడల్పు, కొట్టివేత ఉంటే పక్కన పొడి సంతకం. ఒక్క రోజున, ఒక్క మొదటి అంశం తప్ప, ఈ క్రమాన్ని ఇరవై ఆరేళ్లు తు.చ. తప్పక పాటించినవాడను గనుక ఈ పత్రం రాసే అర్హత నాకున్నది.

ట్యూనిస్ శివారు లా సుక్రా నివాసి, కీర్తిశేషుడు అమోర్ ద్రిదీ కుమారుడు మొంజి ద్రిదీ అను నేను, వయస్సు యాభై రెండు, విమానాల తనిఖీదారును, ముద్ర నంబరు నలభై ఏడు, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా రాసిన వీలునామా. రక్తపోటు కొంత ఎక్కువన్నది వైద్యుని అభిప్రాయం. దానిపై నేను సంతకం చేయలేదు.

1. ఇల్లు, కారు, రెండు ఆలివ్ చెట్లు చట్టం చెప్పిన వాటాల ప్రకారం వారసులకు చెందును. అందులో నేను వేలు పెట్టలేను. నా ఇష్టానికి వదిలిన మూడో వంతులోంచే ఈ దిగువ వస్తువులు.

2. నా ఆకుపచ్చ రేడియో, వారసురాలికి విడిగా ఇచ్చేదానికి మిగతా వారసులు ఒప్పుకొనవలెను గనుక పిల్లలు అభ్యంతరం చెప్పని పక్షంలో, భార్య జుబైదాకు. రెండేళ్ల కిందట రంజాన్ ఇరవై తొమ్మిదో సాయంత్రం నెలవంక కనబడిందని, తెల్లవారితే పండుగని చెప్పింది ఈ రేడియోనే. ఆమె సంతోషంతో కేక వేసింది. నా చేతిలో సూపు గిన్నె ఒలికిపోయింది. వేడిగా ఉందన్నాను. అది నిజం కాదు.

3. ఒలికిన కారణం ఇది. జెర్బా ద్వీపానికి తిరిగే మా డెబ్భై సీట్ల విమానానికి కుడి చక్రాల కాలును పట్టి ఉంచే పిన్ను ఒకటి ఉన్నది. దాన్ని విప్పి, రంగు ద్రవం పూసి, పగుళ్లు వెతకాలి. ద్రవం రాలేదు. నాణ్యతా విభాగం అధిపతి రఊఫ్ షెల్లి ఆ మధ్యాహ్నం నా భుజం మీద చెయ్యి వేసి, “రేపు ముప్పయ్యో రోజేగా అన్నా, ద్రవం పొద్దున్నే వచ్చేస్తుంది. ఇవాళే రాసి పడేయ్, రేపు చేసేద్దాం. ఉపవాసంతో ఇప్పుడెవడు వంగుతాడు?” అన్నాడు. రాశాను. మరుసటి రోజు తేదీ వేశాను. ఉదయం తొమ్మిది నలభై, పగుళ్లు లేవు అని కూడా రాశాను. నెలవంక ఒక రోజు ముందే వచ్చింది. ముప్పయ్యో రోజు పుట్టనే లేదు. పండుగనాడు షెడ్డుకు తాళం. కాగితం పూర్తయి ఉన్నది గనుక బయట నిలబడ్డ విమానం మధ్యాహ్నానికల్లా ఎగిరిపోయింది. ఆ పిన్నును ఇప్పటికీ ఎవరూ విప్పలేదు.

4. పండుగ రోజున సైతం విధికి హాజరైనందుకు సంస్థ నాకిచ్చిన ప్రశంసాపత్రం, చట్రంతో సహా, రఊఫ్ షెల్లికి. గోడకు తగిలించుకొనునప్పుడు మేకు గట్టిదో కాదో స్వయంగా చూసుకొనవలెను.

5. నేను అబద్ధం రాశానని అతనికి మూడు ఉత్తరాలు ఇచ్చాను. మూడింటికీ ఒకటే జవాబు: రికార్డులో నలభై ఏడో ముద్ర ఉన్నది గనుక తనిఖీ జరిగినది. మూడోసారి స్వయంగా అడిగితే నవ్వాడు. “నీ మాట కంటే నీ సంతకం మీదే మాకు గురి, మొంజీ. అంత మంచి పేరు ఎందుకు చెడగొట్టుకుంటావు? పోయి ఒక టీ తాగు.” ఆ టీ తాగాను. అందుకు సిగ్గుపడుతున్నాను.

6. ఆ పండుగ ఉదయం తొమ్మిదిన్నరకు కొత్త జుబ్బాలో, నోటినిండా మఖ్రూద్ మిఠాయితో, మా ఇంట్లో నేను దిగిన ఫొటో ప్రభుత్వ న్యాయవాదికి. గోడ గడియారం స్పష్టంగా కనబడును. షెడ్డు కాపలాదారు అమ్మార్ హమ్రూని గేటు పుస్తకంలో ఆనాటి పేజీ ఖాళీ. అడిగితే అతను, “తాళం చెవి జేబులో వేసుకుని నమాజుకు పోయాను. గోడ దూకావా ఏంటన్నా, ఈ పొట్టతో?” అన్నాడు. ఈ ఎగతాళిని కూడా సాక్ష్యంగా చేర్చవలెను.

7. దొంగ రాతకు చట్టంలో ఒక జైలు ఉన్నది. ఆ రాత వల్ల ప్రాణాలు పోతే ఇంకా పెద్ద జైలు. లైసెన్సు రెండు విధాలా పోవును. నేను మొదటిదానికి దరఖాస్తు చేసుకుంటున్నాను. దాని గడువు ఈ గురువారంతో ముగియును. తనిఖీ లేని పిన్నును విమానం ఐదువేలవసారి నేలకు దిగేదాకా ఉంచరాదని తయారీదారు పుస్తకం. ఈ సాయంత్రానికి, నా మేడ మీంచి చూసి, విమాన సంస్థ పట్టికతో సరిపోల్చి లెక్కించగా నాలుగువేల తొమ్మిది వందల ఎనభై రెండు. ఈ వారం రోజుకు ఆరు. ఐదువేలవది గురువారం ఆఖరి ప్రయాణం, బక్రీద్ ముందురోజు, ఒక్క సీటూ ఖాళీ లేదు.

8. ఆ ప్రయాణంలో పన్నెండో వరుస కిటికీ సీటు జుబైదాది. జెర్బాలో ఉన్న తల్లిని చూడటానికి వెళ్తున్నది. బస్సులో పొమ్మంటే, “నువ్వు చూసిన విమానమేగా, నాకేం భయం?” అన్నది. ఆమె టికెట్ ఒక్కటైతే చింపేయగలను. మిగతా అరవై తొమ్మిది మందికి నా పేరు తెలియదు.

9. నలభై ఏడో ముద్రను సుత్తితో పగులగొట్టి, ముక్కలు న్యాయమూర్తికి ఇవ్వవలెను. నా టార్చిలైటు, వంగి చూసే చిన్న అద్దం నా తర్వాత ఆ పిన్ను విప్పబోయే మనిషికి. అద్దం మూల కాస్త పగిలింది. చేయి జాగ్రత్త.

10. నిర్వాహకురాలు నోటరీ సాలిహా వెస్లాతి. బతికున్నవాడి ఉత్తరం ట్రేలో నెలలు పడుకుంటుందని, వీలునామా అంటే మాత్రం ఆఫీసులు లేచి నిలబడతాయని ఆమె ద్వారానే తెలిసింది. కావున దీన్ని రేపు, మంగళవారం ఉదయం ఎనిమిదింటికి, ప్రభుత్వ న్యాయవాది గదిలో తెరిచి, విమానం తొలి ప్రయాణానికి బయలుదేరకముందే చదవవలెను. చదువుచున్నప్పుడు నేను ఎదుటి కుర్చీలో ఉందును. నేను బతికే ఉన్నానన్న అభ్యంతరం చెల్లదు. ఎవరైనా లేవదీసిన పక్షంలో, విమానాన్ని ఎగరకుండా నేలమీదే నిలిపివేసే వరకు నన్ను చనిపోయినవాడిగా పరిగణించి, ఆ తర్వాత మాత్రమే అరెస్టు చేయవలెను. ఈ నిబంధనపై అప్పీలు లేదు.

లా సుక్రా, సోమవారం, 2 జూన్ 2025.

(సంతకం) మొంజి ద్రిదీ. పని జరిగిన తర్వాతే సంతకం చేయబడినది.

సాక్షులు: అమ్మార్ హమ్రూని, షెడ్డు కాపలాదారు. బెల్గాసెమ్ తుకాబ్రి, పక్కింటి రొట్టెల బట్టీ యజమాని.