మెషీన్స్ ల్యాబు కిటికీ బయట

మా ఇంటి కాబోయే ఇంజనీరు గారికి, నీ బావ మనసారా రాస్తున్నది.

ఇక్కడ మూడు ఫేజులూ క్షేమం. అంటే అమ్మ, నేను, మన పాప తూనీగ. నీ ఉత్తరాలు చదివీ చదివీ నాకూ ఆ భాష పట్టుబడింది. నాలుగో తీగవి, నువ్వు కూడా అక్కడ వేళకు తింటూ, కంటినిండా నిద్రపోతూ క్షేమంగా ఉన్నావనుకుంటున్నాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నువ్వు ఏడుపు గొంతుతో మొదలుపెడతావు, నేను ఏదో జోకు వేస్తాను, ఇద్దరం నవ్వేసి పెట్టేస్తాం. అసలు మాట అలాగే ఉండిపోతుంది.

చదువు మానేసి ఈ నెలాఖరుకి వచ్చేస్తానని రాశావు. దాని సంగతి చెబుతాను. ముందు నువ్వడిగినవాటికి జవాబు రాయనీ, లేకపోతే నేనడిగింది ఒకటి నువ్వు చెప్పింది ఒకటి అంటావు.

షాపులో ఇస్త్రీపెట్టె ఇంకా చెయ్యి జివ్వుమనిపిస్తోందా అని అడిగావు. లేదు. నువ్వు చెప్పినట్టే మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించి ఎర్త్ వైరు కలిపించాను. ఇన్నేళ్ళూ జివ్వుమనడం ఇస్త్రీపెట్టె స్వభావమనే అనుకున్నాను. నాకు కుట్టుపని నేర్పిన మామయ్య షాపులోనూ అది అలాగే జివ్వుమనేది మరి.

అమ్మ మోకాలు నయం. ఇప్పుడు అమ్మ బాధల్లా తూనీగే. నువ్వు నేర్పిన పాఠాలతో ఇంటి పెత్తనమంతా అది తీసుకుంది. తడిచేతులతో స్విచ్ ముట్టుకోకూడదని ఎప్పుడు చెప్పావో గానీ, మిక్సీ వేసే ముందు నాయనమ్మ రెండు చేతులూ చాపి చూపించాల్సిందే. తనిఖీ అయ్యాకే అనుమతి. తన అత్తగారు కూడా తనని ఇంత సాధించలేదని అమ్మ గొణుగుతుంది, గొణుగుతూనే చేతులు చూపిస్తుంది.

అది రాత్రిళ్ళు ఏడుస్తోందా అని కూడా అడిగావు. నీ దగ్గర దాపరికమెందుకు, మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు ఏడవడం లేదు. నీ దిండు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వదు.

క్లాసు పరీక్షలో సగం మార్కులు కూడా రాలేదనీ, పందొమ్మిదేళ్ళ పిల్లలు ఒక్కసారి వినగానే పట్టేస్తున్నారనీ, నీ బుర్ర మొద్దుబారిపోయిందనీ రాశావు. నేను కుట్టిన మొదటి చొక్కా ఎవరు తొడుక్కున్నారో నీకు తెలియదు. ఎవరూ తొడుక్కోలేదు. మామయ్య దానితో షాపు అద్దాలు తుడిచాడు.

ఇక అసలు సంగతి. కడుపులో దాచుకుని తిరుగుతున్నాను, ఇక నావల్ల కాదు. మొన్న గురువారం నేను మీ యూనివర్సిటీకి వచ్చాను.

కంగారుపడకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. వచ్చేస్తానని నువ్వు రాసిన ముక్క చదవగానే నాకు బాధ కలగలేదు, సంతోషం కలిగింది. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ముప్ఫై దాటాక నువ్వు పాత డిప్లొమా బయటికి తీసి, పరీక్ష రాసి, ఏకంగా రెండో సంవత్సరంలో సీటు తెచ్చుకుంటే వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. నా పెళ్ళాం చదువుకుంటుంది, మీకేం నొప్పి అని వాళ్ళతో అన్నవాణ్ణి నేనే. అంత మాట అన్నవాణ్ణి, నీ ఉత్తరం చూసి గంతులేశాను. నువ్వు లేక ఇల్లు బోసిపోయింది, ఏం చెయ్యను. నెలాఖరు దాకా ఆగడమెందుకని, లైనింగు గుడ్డ కొనుక్కొస్తానని అమ్మతో చెప్పి, నీ సామానుకి రెండు పెద్ద సంచులు పట్టుకుని బస్సెక్కాను. అమ్మకి నిజం చెబితే ఇంకేముంది, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

హాస్టల్లో అడిగితే మెషీన్స్ ల్యాబులో ఉన్నావన్నారు. వెతుక్కుంటూ వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల బల్లలు, మీటర్లు, నేలకు బిగించిన మోటార్లు, ఎటు చూసినా రంగురంగుల తీగలు. పక్క బల్ల దగ్గర ఓ కుర్రాడు స్విచ్ మీద చెయ్యి వేయబోయాడు. నువ్వు ఆగమన్నట్టు చెయ్యెత్తావు. వాళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. స్విచ్ నుంచి మీటరుకీ, మీటరు నుంచి మోటారుకీ ఒక్కో తీగనే వేలితో పట్టుకుంటూ వెళ్ళావు. గుడ్డకి కత్తెర పెట్టే ముందు నేను గీతల మీద వేలు పోనిచ్చినట్టే. ఒకచోట ఆగి ఏదో విప్పించి మళ్ళీ కట్టించావు. ఆ తర్వాతే వెయ్యమన్నావు.

ఇంతలో ల్యాబు అసిస్టెంటు బయటికొచ్చి ఎవరు కావాలని అడిగాడు. ఎవరూ వద్దు, ఊరికే చూస్తున్నానన్నాను. నా చూపు ఎక్కడుందో అతను గమనించాడు.

"ఆవిడ చూడందే ఈ బ్యాచిలో ఒక్కరూ స్విచ్ వెయ్యరండీ," అన్నాడు. "చెప్పింది మేం కాదు, పిల్లలే అలా పెట్టుకున్నారు. ఆవిడుంటే వాళ్ళకి ధైర్యం."

అలాగా అన్నాను. ఆవిడ నా భార్య అని చెప్పడానికి నాలుక దురద పెట్టింది గానీ బలవంతాన ఆపుకున్నాను.

తర్వాత నీ వంతు వచ్చింది. అందరి తీగలూ అంత జాగ్రత్తగా చూసినదానివి, నీ మోటారు తిరగాల్సినవైపు కాకుండా రెండోవైపు తిరిగింది. పిల్లలు గొల్లుమన్నారు. నీ పరువు పోయిందనే అనుకున్నాను. మా పనిలో చొక్కా ఎడమ చెయ్యి తెచ్చి కుడివైపు కుడితే రెండు చేతులూ విప్పుకోవాలి, పూట గడిచిపోతుంది. నువ్వు స్విచ్ ఆపి, మూడు తీగల్లో రెంటిని ఇటుదటూ అటుదిటూ మార్చి, మళ్ళీ వేశావు. బుద్ధిగా సరైనవైపు తిరిగింది. ఎవరు చేసినా అంతే సులువని అసిస్టెంటు చెప్పాడనుకో, నాకు మాత్రం గారడీలాగే ఉంది.

అప్పుడు అందరికంటే పెద్దగా నవ్వింది నువ్వే. తల వెనక్కి వాల్చి, బల్ల పట్టుకుని నవ్వావు. ఆ నవ్వు నేను విని చాలా కాలమైంది. నాకు గర్వంగా అనిపించింది. కొంచెం కుళ్ళుగా కూడా అనిపించింది, ఆ నవ్వు తెప్పించింది నేను కాదు కదా.

నన్ను చూస్తే నువ్వు నాతో వచ్చేసేదానివి. అది నాకు తెలుసు. అందుకే ఖాళీ సంచులు మడిచి చంకలో పెట్టుకుని వచ్చినదారినే వెళ్ళిపోయాను. ఆ గొడవలో లైనింగు గుడ్డ కొనడం మరిచిపోయి అమ్మకి దొరికిపోయాను, ఎక్కడికెళ్ళానో మాత్రం చెప్పలేదు.

ఆ మోటార్లు నచ్చక వస్తానంటే రా, రేపే రా, మారు మాట అంటే నన్నడుగు. మార్కులు రాలేదనీ, మేం ఎలా ఉన్నామోననీ మాత్రం రావద్దు. బెంగ మాకూ ఉంది. ఉంటే ఉండనీ, ఇంకో రెండు మూడేళ్ళు మాతోపాటే ఇంత తిని పడుంటుంది.

తూనీగ దగ్గర మాత్రం దాచలేకపోయాను. మీ అమ్మని చూసొచ్చానని చెప్పాను. నన్నెందుకు తీసుకెళ్ళలేదని పోట్లాడి, అలిగి, అటు తిరిగి పడుకుంది. కాసేపటికి అలాగే గోడవైపు మొహం పెట్టి అడిగింది.

"అమ్మేం చేస్తోంది నాన్నా?"

"మోటారు తిప్పుతోందమ్మా."

"ఎటువైపు?"

"ఎటు కావాలంటే అటు."

ఇటు తిరిగి పడుకుంది.

ఇట్లు,
రేపటినుంచి షాపుకి వచ్చిన ప్రతివాళ్ళకీ నీ గొప్పలు చెప్పబోతున్న
నీ బావ