మీరు పోయాక స్టాండులో వచ్చిన మార్పు

ఏమండీ,

రేపు మీ సంవత్సరీకం. పాలకొల్లు కిరాయి అని ఎక్కినవాళ్లు మిమ్మల్ని చంపి కారు తీసుకుపోయాక, రాజమండ్రి టాక్సీ స్టాండులో డ్రైవర్లంతా ఒక పద్ధతి పెట్టుకున్నారు. తెలియనివాళ్లు దూరం కిరాయికి వస్తే, బయల్దేరే ముందు పక్కనున్న స్టూడియోలో వాళ్లకి ఫొటో తీయిస్తారు. ఆ స్టూడియోలో ఇప్పుడు నేను పనిచేస్తున్నాను.

ఈ మధ్యాహ్నం, మీ దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న సూరిబాబు ముగ్గురిని తీసుకొచ్చాడు. యానాం వెళ్లాలట.

"కారెక్కడానికి ఫొటో ఏంటండీ?" అని వాళ్లలో ఒకతను విసుక్కున్నాడు.

"ఇదివరకు ఒక డ్రైవరు గారు తిరిగి రాలేదండి. అప్పట్నుంచీ తీస్తున్నాం," అన్నాను.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీ తాగి వస్తామని వెళ్లి, మళ్లీ రాలేదు. సూరిబాబు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

"మంచివాళ్లేనేమో వదినా. అనవసరంగా కిరాయి పోయింది," అన్నాడు.

"అయ్యుండొచ్చు. ఇంటికెళ్లి అన్నం తిను," అన్నాను.

సాయంత్రం సూరిబాబు వాళ్లావిడ కూరల బజారులో కనిపించింది. అతను ఆమెకేమీ చెప్పినట్టు లేదు.

"ఈవేళ మీ మరిది పెందలాడే ఇంటికొచ్చి, ఒకటే విసిగిస్తున్నారక్కా," అంది.

"విసిగించనీ అమ్మా," అన్నాను.

మీ
సత్యవతి